సామూహిక చిత్రలేఖనము: సంఘభేదముల పరిశీలనకు ఆరు పాఠములు

మన ఉన్నత పాఠశాలలలో చిత్రలేఖనమునకు వారమునకు ఒకటి రెండు గంటలు కేటాయించుట వాడుక. ఆ గంటలో ప్రతి విద్యార్థియు తన కాగితముపై తాను వంగి, ఎదుటనున్న కూజానో మామిడిపండునో చూచి గీయును. గంట మ్రోగగానే కాగితములు ఉపాధ్యాయుని బల్లపై చేరును. చేయి తిరిగినవారికి ఎక్కువ మార్కులు, తిరుగనివారికి తక్కువ మార్కులు లభించును. ఈ పద్ధతివలన చేతికి సాధన కలుగుననుటలో సందేహము లేదు. కాని ప్రక్కన కూర్చున్న సహాధ్యాయితో కలిసి ఆలోచించు అవకాశము ఇందులో లేదు. పలువురు విద్యార్థులు కూడి ఒకే చిత్రమును రచించు పద్ధతి వేరొకటి కలదు. దానిని సామూహిక చిత్రలేఖనము అనవచ్చును. ఆ పద్ధతిని సంఘములోని భేదములను పరిశీలించుటకు ఎట్లు వినియోగింపవచ్చునో, తొమ్మిదవ తరగతికి తగిన ఆరు పాఠముల రూపమున ఈ వ్యాసములో వివరింపబడుచున్నది.

1. ఈ పాఠము మనకేల?

మనది అన్యభాషా ప్రాంతమునందలి తెలుగు పాఠశాల. అల్పసంఖ్యాకులైన భాషీయులు తమకు ఇష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కును భారత రాజ్యాంగపు 30వ అధికరణము ప్రసాదించినది. ఆ హక్కు చేతనే మనమిక్కడ సమకూడినాము. ఇట్టి చోట్ల సభ జరిగినప్పుడెల్ల “మనమందరము తెలుగువారము, మనమంతా ఒక్కటే” అని వక్తలు పలుకుట మనము వినుచున్నదే. ఆ మాటలో ఆప్యాయత కలదు. అయినను ఆ మాట పూర్తి సత్యము కాదని తరగతిగదిలోనికి అడుగిడిన ఏ ఉపాధ్యాయునకైనను తెలియును. ఒకే బల్లమీద కూర్చున్న అయిదుగురిలో ఒకరి తండ్రికి దుకాణము కలదు. ఒకరి తండ్రి మరమగ్గముపై రాత్రివంతు పని చేయును. ఒకరి తల్లి బీడీలు చుట్టును. ఒకరి కుటుంబము మూడు తరములకు పూర్వము వచ్చి స్థిరపడినది. మరియొకరిది మొన్న మొన్న వచ్చినది. కులములు వేరు, దేవతలు వేరు, ఇంట పలుకు తెలుగు సైతము వేరు.

ఈ భేదములు విద్యార్థులకు తెలియవనుకొనుట పొరపాటు. వారికి మనకన్న బాగుగా తెలియును. ఎవరి డబ్బాలోని అన్నము ఎవరు పంచుకొందురో, ఎవరిని ఏ మారుపేరుతో పిలుతురో, ఎవరి యింటికి ఎవరు పోరో విరామవేళ పది నిమిషములు చూచిన చాలును. మనము మాటాడకుండుటవలన ఆ భేదములు తొలగవు. అవి నోరులేని అలవాట్లుగా నిలిచి, బడి విడిచిన పిమ్మట జీవితమంతయు వెంట వచ్చును. అందుచేత వాటిని వెలుగులోనికి తెచ్చి, ఎవరికిని అవమానము కలుగకుండ చూపవలసియున్నది. ఉపన్యాసమునకు ఇది సాధ్యము కాదు. చేతిపనికి కొంత సాధ్యమగును. చేతులు పనిలోనున్నప్పుడు నోరు నిర్భయముగా పలుకును.

2. పూర్వుల మార్గములు

సామూహిక చిత్రరచన మన దేశమునకు క్రొత్తది కాదు. 1919లో శాంతినికేతనమున కళాభవనము ఏర్పడినది. నందలాల్ బోసు మహాశయుని నాయకత్వమున అచటి గురుశిష్యులు గోడలపై కలిసి చిత్రములు రచించిరి. 1938లో గుజరాతులోని హరిపురమున కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు గాంధీజీ కోరికపై నందలాల్ ప్రదర్శనపటములను సిద్ధపరచెను. చేతితో తయారైన కాగితముపై మట్టిరంగులతో ఆయన చిత్రించినది రాజులను కాదు. డోలు వాయించువానిని, కుండలు చేయువానిని, బట్టలు కుట్టువానిని, దంచుచున్న స్త్రీని చిత్రించెను. వాటి ప్రతులను వ్రాయుటలో శిష్యులు సాయపడిరి.

1946–47 సంవత్సరములలో వినోద విహారి ముఖర్జీ శాంతినికేతనపు హిందీ భవనము గోడలపై మధ్యయుగపు సాధుసంతుల జీవితమును చిత్రించెను. ఈ పనిలో ఆయనకు విద్యార్థులు తోడ్పడిరి; తరువాత ప్రఖ్యాతుడైన కె. జి. సుబ్రహ్మణ్యన్ వారిలో ఒకరు. ముఖర్జీ బాల్యమునుండియు దృష్టిలోపము గలవాడు. తరువాతి కాలమున చూపు పూర్తిగా కోల్పోయెను. ఆ కుడ్యచిత్రమున కబీరు వంటి నేతపనివాడును, పండితులును, పేరులేని సామాన్యజనమును ఒకే ప్రవాహముగా సాగిపోవుదురు. మహాత్ములు జనము మధ్యనుండియే వచ్చిరని ఆ చిత్రము ఒక్క అక్షరమైనను లేకుండ చెప్పును.

మన తెలుగునాట ఇంతకన్న పురాతనమైన సంప్రదాయమొకటి కలదు. అది నేడు సిద్దిపేట జిల్లాలోనున్న చేర్యాల నకాషీల పటచిత్రకళ. పొడవైన గుడ్డపై ఎర్రని నేలరంగు వేసి, అడ్డుగీతలతో ఖండములుగా విభజించి, కథను పైనుండి క్రిందికి బొమ్మలుగా వ్రాయుదురు. కథ చెప్పువారు పటమును మెల్లమెల్లగా విప్పుచు పాడుదురు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇందులో మన పాఠమునకు ముఖ్యమైన విషయమొకటి కలదు. ప్రతి కులమునకును దాని పటము వేరు, దాని కథకులు వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు చెప్పుదురు. మాదిగలకు జాంబపురాణమును డక్కలివారు చెప్పుదురు. ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారు చెప్పుదురు. రజకులకు మడేలు పురాణము కలదు. ఏ పటమునందైనను ఆ కులమువారు తమ పుట్టుకను, తమ పనిని గౌరవముతో చూచుకొందురు. ఊరిలో తక్కువవారని పిలిపించుకొన్నవారు తమ పటములో తక్కువవారు కారు.

అట్లయ్యును, ఒకరి పటములోనికి మరియొకరి కథ సామాన్యముగా ప్రవేశింపదు. ఏ కులము ఎదుట ఆ కులపు పటమే విప్పబడును. మనము చేయదలచినది ఈ ఒక్క మార్పే: పటము ఒక్కటిగా నుండవలెను, అందులో అందరి పనియు చోటు చేసికొనవలెను, ప్రతి పనికిని ఆ పనివారు తమ పటములో ఇచ్చుకొన్నంతటి గౌరవము లభింపవలెను.

3. కలిసి కూర్చుండుట చాలునా?

వేర్వేరు వర్గములవారిని ఒకచోట కూర్చుండబెట్టినంత మాత్రమున ద్వేషము తగ్గునని చాలమంది తలంతురు. అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు గోర్డన్ ఆల్పోర్టు 1954లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును విమర్శించి, నాలుగు నియమములను నిర్దేశించెను. కలిసినవారు ఆ సందర్భమున సమానస్థాయిలో నుండవలెను. వారికి ఒక ఉమ్మడి లక్ష్యము కావలెను. ఆ లక్ష్యము పోటీచేత గాక సహకారముచేత సిద్ధింపవలెను. అధికారములోనున్నవారు ఆ కలయికను మనఃపూర్వకముగా సమర్థింపవలెను. ఈ నియమములు లోపించిన కలయిక పాత అభిప్రాయములనే గట్టిపరచవచ్చును.

1971లో టెక్సస్ రాష్ట్రమునందలి ఆస్టిన్ నగరమున నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ సంతతి బాలురు ఒకే తరగతులలో చేరినప్పుడు కలతలు పుట్టెను. అప్పుడు ఎలియట్ ఆరన్‌సన్ అను ఆచార్యుడు తన శిష్యులతో కూడి ఒక పద్ధతిని కల్పించెను. ముక్కలను కూర్చి బొమ్మను పూర్తిచేయు ఆటను బట్టి దానికి జిగ్సా తరగతి అని పేరు వచ్చెను. జట్టులోని ప్రతి బాలునకును పాఠములో ఒక్కొక్క భాగము మాత్రమే ఇచ్చెదరు. అన్ని జట్లలోను అదే భాగము వచ్చినవారు ఒకచోట చేరి దానిని బాగుగా నేర్చుకొని, మరల తమ జట్టునకు వచ్చి తక్కినవారికి బోధింతురు. ఎవ్వరి ముక్క లేకున్నను బొమ్మ పూర్తి కాదు. కనుక ఎవ్వరిని త్రోసిపుచ్చుటకును వీలు లేదు. ఈ క్రింది పాఠముల ఏర్పాటు ఆ నియమములను, ఈ పద్ధతిని అనుసరించినదే.

4. విషయము: ఒక చాదరు ప్రయాణము

సంఘభేదముల పాఠమనగానే “మీ ఇంటి బొమ్మ వేయుడు” అని చెప్పుట చాలమందికి తోచును. అది తగదు. మేడగల బాలుడు మేడను గీయును; ఒక్క గదిలో ఆరుగురుండు బాలిక ఏమి గీయవలెను? నిజము గీసిన సిగ్గు, అబద్ధము గీసిన బాధ. విద్యార్థి తన బ్రతుకును విప్పి చూపవలెనని కోరు అధికారము ఉపాధ్యాయునకు లేదు. అందుచేత చిత్రమునకు వ్యక్తిని గాక ఒక వస్తువును విషయముగా గైకొనవలెను.

షోలాపురము వంటి ఊరిలో అట్టి వస్తువునకు వెదకులాట అక్కరలేదు. తెలంగాణమునుండి వచ్చి స్థిరపడిన పద్మశాలీల చేతిపని ఆ నగరపు చాదరునకు దేశమంతట పేరు తెచ్చినది. ఒక్క చాదరు పుట్టుకనుండి చివరివరకు ఎందరి చేతులమీదుగా నడచునో ఎనిమిది ఖండములుగా చిత్రింపవచ్చును. మొదటిది ప్రత్తిచేను, రెండవది నూలు మిల్లు, మూడవది అద్దకపు తొట్లు, నాలుగవది కండెలు చుట్టు వాకిలి, అయిదవది మగ్గము, ఆరవది దుకాణము, ఏడవది చాదరు కప్పుకొని నిద్రించు ఇల్లు, ఎనిమిదవది చాకిరేవు, దాని ప్రక్కనే చినిగిన పాతగుడ్డలు ఏరుకొనువారు. ఇతర ప్రాంతములలోని పాఠశాలలు తమ ఊరికి తగిన వస్తువును ఎన్నుకొనవచ్చును. బియ్యపుగింజయైనను, చెప్పుల జతయైనను, ఇటుకయైనను ఇట్టి ప్రయాణమే చేయును.

నలుబది మంది తరగతియైనచో అయిదుగురు చొప్పున ఎనిమిది జట్లు కావలెను. స్నేహితులనే చేర్చుకొను స్వేచ్ఛ ఇచ్చినచో పాత గుంపులే మరల ఏర్పడును. పేరులు వ్రాసిన చీటీలు తీసి జట్లు కట్టుట మంచిది. ఏ జట్టునకు ఏ ఖండమను విషయమును కూడ చీటీలే నిర్ణయింపవలెను. చాకిరేవు ఖండము చాకలి బాలునకు, దుకాణము వ్యాపారి బాలునకు ఉపాధ్యాయుడు అప్పగించుట ఎంతమాత్రము కూడదు.

5. పాఠముల క్రమము

మొదటి పాఠము: గుడ్డను సిద్ధపరచుట. గజము వెడల్పు, నాలుగు గజముల పొడవు గల ముతక ఖద్దరు చాలును. ఒక్కొక్క ఖండమునకు అడుగున్నర ఎత్తు వచ్చును. రాత్రి నానబెట్టిన చింతగింజలను నూరి, ఉడికించి అంబలి చేయవలెను. దానిలో బియ్యపు గంజిని, సుద్దమట్టిని, కొంచెము బంకను కలిపి గుడ్డకు మూడు పూతలు పూయవలెను. ఒక పూత ఆరిన పిమ్మటనే మరియొకటి పూయవలెను. చేర్యాల చిత్రకారులు అనుసరించు విధానము ఇంచుమించు ఇదియే.

ఈ మొదటి దినముననే అసలు పాఠము ప్రారంభమగును. సామూహిక కార్యమున పనులు తమంతట తాము పంచుకొనబడుట ఎల్లచోట్ల కనబడును. నీళ్లు తెచ్చువారొకరు, నేల ఊడ్చువారొకరు, నిలువబడి ఆజ్ఞాపించువారొకరు. ఊడ్చునది తరచుగా బాలికయే. నీళ్లు మోయునది తరచుగా పేదవాడే. కుంచె పట్టునది తరచుగా ఇంట రంగులపెట్టె ఉన్నవాడే. ఉపాధ్యాయుడు కల్పించుకొననిచో సమానత్వపు బొమ్మ అసమానపు చేతులతోనే తయారగును. దీనికి వంతుల పట్టిక ఒక్కటే మందు. నీరు తెచ్చుట, రంగు నూరుట, కుంచెలు కడుగుట, నేల ఊడ్చుట, ఆనాటి సంగతులు పుస్తకమున వ్రాయుట అను అయిదు పనులను జట్టులోని అయిదుగురికి పంచి, ప్రతి పాఠమునకును మార్చవలెను. అయిదు పాఠములలో ప్రతి విద్యార్థికిని ప్రతి పనియు ఒకమారు వచ్చును. ఆరవ పాఠమున అందరును, ఉపాధ్యాయునితో సహా, అన్ని పనులును చేయవలెను. అస్పృశ్యతను రాజ్యాంగపు 17వ అధికరణము రద్దుపరచినది. ఒకే కుండ నీటిలో నలుబది చేతులు మునుగుట ఆ అధికరణమునకు తరగతిగదిలోని వ్యాఖ్యానము.

రెండవ పాఠము: విచారణ. ప్రతి జట్టును తన ఖండమునకు సంబంధించిన పనివారిని ముందుగా అనుమతి పొంది కలిసికొనవలెను. అడుగవలసినవి చిన్న చిన్న ప్రశ్నలు: పని ఎన్ని గంటలకు మొదలగును? నిలుచుండి చేయుదురా, కూర్చుండియా? ఏ పనిముట్లు కావలెను? శరీరములో ఏ భాగము ముందుగా నొచ్చును? ఈ చివరి ప్రశ్న చిత్రకారునకు మిక్కిలి ఉపయోగకరము. నడుము నొచ్చునని విన్నవాడు ఆ నడుమును మరియొక విధముగా గీయును. దుకాణపు జట్టు చాదరు వెలను తెలిసికొనవలెను. మగ్గపు జట్టు నేసినవారికి దానిపై లభించు కూలిని తెలిసికొనవలెను. ఈ రెండు అంకెలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, మధ్యనున్న సొమ్ము ఎవరెవరికి ఏయే కారణములచేత పోవునో లెక్కవేయింపవలెను. నూలు ధర, రంగు ధర, విద్యుత్తు, బండి కిరాయి, పన్ను, లాభము, అన్నియు అందులోనే కలవు. వర్తకుని దొంగయనుట సులభము. లెక్క తెలిసికొనుట కష్టము. విద్యార్థులు కష్టమైన మార్గముననే నడువవలెను.

మూడవ పాఠము: నేర్పరుల కూటములు. ఇక్కడ జిగ్సా పద్ధతి ప్రవేశించును. ప్రతి జట్టులోని అయిదుగురికి అయిదు శాఖలు: శరీరభంగిమలు, పనిముట్లు, దుస్తులు, రంగులు, అక్షరములు. ఎనిమిది జట్లలోని పనిముట్లవారు ఎనమండుగురు ఒకచోట చేరి పనిముట్లను మాత్రమే అభ్యసింతురు. తక్కిన శాఖలవారును అట్లే చేయుదురు. మగ్గమును చూడక ఊహించి గీసినవారు నేతగాని రెండు చేతులను ఒకే తీరున గీయుదురు. నిజమునకు గుంటమగ్గముపై ఒక చేయి నాడెను పరుగెత్తించు త్రాటిని లాగును. రెండవ చేయి పలకను నడుపును. కాళ్లు గుంటలోని తొక్కుడుచెక్కలను మార్చి మార్చి త్రొక్కును. మరమగ్గముకడ నిలుచున్నవాని చూపు తెగిన పోగుకొరకు వెదకుచుండును. ఇట్టి వివరములు తెలిసిన విద్యార్థి తరగతిలో ఉండవచ్చును. అతడు తానై చెప్పినచో ఆనాటికి అతడే గురువు. పరీక్షలో వెనుకబడినవాడు పనిముట్ల కూటమున ముందునకు వచ్చుట సహజము. కాని “మీ నాన్న నేతవాడు గదా, నీవు చెప్పుము” అని అతనిని పిలువరాదు. గౌరవము అతడు కోరి పొందవలసినదే గాని, మనము మెడలో వేలాడదీయవలసినది కాదు.

నాలుగవ పాఠము: రేఖలు, అంచులు. ఎనిమిది ఖండముల గుండ నీలిరంగు నూలుపోగు ఒకటి తెగక సాగవలెనను నిబంధన విధింపవలెను. ఒక ఖండమునుండి పోగు ఎచట వెలువడునో క్రింది ఖండమున అచటనే ప్రవేశింపవలెను. ఇందువలన ప్రతి జట్టును తన పైజట్టుతోను క్రిందిజట్టుతోను సంప్రదింపక తప్పదు. తగవులు వచ్చునది ఈ అంచులకడనే. ఉపాధ్యాయుడు తొందరపడి తీర్పు చెప్పరాదు. పోగు తెగిన చోట బొమ్మ తెగునని వారికే తెలియును.

మరియొక ప్రశ్న ఇక్కడ ఉదయించును. ఎవరిని ఎంత పెద్దగా గీయవలెను? పూర్వపు పటములలో కథానాయకుడు పెద్దగాను, సేవకులు చిన్నగాను ఉండుట కలదు. మన విద్యార్థులును తమకు తెలియకుండగనే దుకాణదారుని పెద్దగా గీసి, కూలివానిని మూలకు నెట్టుట సంభవము. దిద్దుటకు బదులు అడుగవలెను: “వీరు పెద్దగా నుండుటకు కారణమేమి? దగ్గరనుండుటయా? ధనమా? ఎక్కువ పని చేయుటయా?” జవాబు ఏదైనను మంచిదే, అది ఆలోచించి చెప్పినదైనచో. ఒక జట్టు తన కారణమును నిలబెట్టుకొనినచో ఆ పరిమాణమునే ఉంచవచ్చును.

కండెలు చుట్టు వాకిలికడ ఇట్టి ప్రశ్నయే వేరు రూపమున వచ్చును. మగ్గమున కూర్చున్నవానికి నేతగాడను పేరు కలదు. అతనికి కండెలు చుట్టి ఇచ్చు ఇంటి స్త్రీకి ఏమి పేరు? ఆ పనికి వేరుగా కూలి ఇచ్చుట అరుదు, ఇంటిపనిలోనే జమకట్టుదురు. బీడీలు చుట్టు తల్లుల చేతివేగము ఇంటిఖర్చును మోయుచున్నను సంఘమున దానికి లభించు మర్యాద స్వల్పము. బాలికలును బాలురును ఈ ఖండముకడ కొంతసేపు ఆగి మాటాడుకొనుట అవసరము.

అయిదవ పాఠము: రంగులు. ఎర్రమన్ను, పసుపుమన్ను, సుద్ద, దీపపు మసి అను నాలుగింటిని నాలుగు ముంతలలో ఉంచవలెను. మొదట ఉపాధ్యాయుడు తన ముంజేతిని చూపి, ఆ నాలుగు రంగులనే కలిపి తన మేనిఛాయను తెప్పింపవలెను. పిమ్మట ప్రతి విద్యార్థియు తన చేతికి సరిపోవు రంగును కలుపుకొని, పటపు అంచుపై ఒక చిన్న వ్రేలిముద్ర వేయవలెను. అప్పుడు తరగతికి తెలియునది రెండు విషయములు: ఏ ఇద్దరి ముద్రలును సమానము కావు, అయినను అన్ని ముద్రలును అవే నాలుగు ముంతలలోనివి. ధనికులను తెల్లగాను పేదలను నల్లగాను గీయు అలవాటు చలనచిత్రములవలనను ప్రకటనలవలనను పిల్లలకు అబ్బుచున్నది. రంగులపెట్టెలు సైతము ఈ దోషమునకు అతీతములు కావు. అమెరికాలో క్రేయోలా సంస్థ లేత గులాబిరంగు మైనపుకడ్డీకి “చర్మపురంగు” అను పేరుంచి, 1962లో దానిని మార్చి ఒక పండు పేరు పెట్టినది. ఎవరి చర్మము ఆ రంగని ప్రశ్నించుకొన్న పిమ్మట ఆ పేరు నిలువజాలదు. ఈ పాఠమున నవ్వులాటకు చోటీయరాదు. నల్లనివారిని ఎగతాళి చేయు మాట వినబడినచో పనిని నిలిపి ఆ మాటను గూర్చియే మాటాడవలెను.

ఆరవ పాఠము: అక్షరములు, ప్రదర్శనము. ప్రతి పనిముట్టు ప్రక్కను దాని పేరు వ్రాయవలెను. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, సంతలో కన్నడము వినుచున్న విద్యార్థులకు ఇదియొక ఆనందకరమైన పాఠము. మనము మగ్గమందుము, కన్నడిగులు మగ్గ అందురు, మరాఠీవారు మాగ్ అందురు. నూలు అను మాట తెలుగునకును కన్నడమునకును సమానము. మరాఠీలో అది సూత్. మూడు లిపులలో మూడు మాటలు ఒకదాని క్రింద ఒకటి వ్రాసినప్పుడు, పొరుగువారి భాష మన భాషకు పగది కాదనియు, పని ఎచట పంచుకొనబడినదో అచట మాటయు పంచుకొనబడినదనియు బోధపడును. తెలుగులోనే భేదములుండును, ఒకే వస్తువునకు రెండిండ్లలో రెండు పేర్లు వాడుకలో నున్నచో రెండును వ్రాయవలెను. ఏది శుద్ధము, ఏది మోటు అను తీర్పునకు ఈ పటమున స్థానము లేదు.

పటము సిద్ధమైన దినమున రెండవ పాఠములో కలిసికొన్న పనివారిని పాఠశాలకు ఆహ్వానించి, వారిని ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. ఒక్కొక్క జట్టు తన ఖండమును చూపి రెండు మూడు నిమిషములు వివరింపవలెను. తరువాత పనివారు తప్పులు చెప్పవలెను. నాడె ఆకారము సరిగా లేదనియో, అద్దకపువాడు అట్లు వంగడనియో వారు చెప్పినచో విద్యార్థులు వారి యెదుటనే దిద్దవలెను. చదువుకొన్నవారి బొమ్మను చదువులేనివారు దిద్దిన ఆ గంట, నా అభిప్రాయమున, ఆరు పాఠములలోను ముఖ్యమైనది.

6. పాటింపవలసిన జాగ్రత్తలు

మొదటిది, ఏ విద్యార్థిని కులము పేరుతోగాని తండ్రివృత్తి పేరుతోగాని ఉదాహరణగా చూపరాదు. రెండవది, సంపన్నుల బిడ్డలను దోషులుగా నిలుపరాదు. వారు పుట్టిన యిల్లు వారు ఎన్నుకొన్నది కాదు. మూడవది, దుఃఖమును అలంకారముగా వాడరాదు. కూలివాడనగానే చినిగిన చొక్కా, కన్నీరు గీయు అలవాటు కొందరికి కలదు. కూలివాడు నవ్వును, పాడును, తన పనితనమునకు గర్వించును. నాలుగవది, విద్యార్థులు విచారణలో వినివచ్చిన ఇంటిగుట్టులను పటముపైకిగాని పత్రికలోనికిగాని ఎక్కింపరాదు. అయిదవది, సంభాషణలో ఎవరైన బాధపడి మౌనము వహించినచో ఆ మౌనమును గౌరవించి, తరువాత ఏకాంతమున పలుకరింపవలెను.

7. మూల్యనిర్ణయము

ఈ పనికి విడివిడిగా మార్కులు వేసినచో ఆల్పోర్టు చెప్పిన మూడవ నియమము భంగమగును, పోటీ మరల తలయెత్తును. పటమునకు మొత్తముగా ఒక్కటే విలువ కట్టుట న్యాయము. విడిగా ప్రతి విద్యార్థియు ఒక పుటకు మించకుండ మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలెను. “నీకు ముందు తెలియని ఏ పనిని గూర్చి తెలిసికొంటివి? జట్టులో నీ అభిప్రాయము ఎచట మారెను, ఎందుచేత? వంతుపనులలో నీకు కష్టమనిపించినది ఏది, ఏల?” మూడవ ప్రశ్నకు వచ్చు సమాధానములను ఉపాధ్యాయుడు శ్రద్ధతో చదువవలెను. చీపురు పట్టుటకు సిగ్గుపడితినని వ్రాసిన బాలుడును, సంగతుల పుస్తకమున వ్రాయుట అదే మొదటిసారియని వ్రాసిన బాలికయు తరగతిని గూర్చి మనకెంతయో తెలుపుదురు.

8. చివరిమాట

ఒక గుడ్డముక్కపై బొమ్మ వేసినందున కూలి పెరుగదు, కులము తొలగదు. అట్లు వాగ్దానము చేయుట విద్యార్థులను మోసగించుటయే. పదవ తరగతి ముగియగానే ఈ నలుబది మంది నలుదిక్కులకు పోవుదురు. కొందరు కళాశాలకు, కొందరు మగ్గముకడకు, కొందరు దుకాణమునకు, కొందరు పెండ్లిపీటలకు. వారిలో ఒకరు మరియొకరికి యజమాని కావచ్చును. ఆనాడు కూలి లెక్కించు వేళ, నోటితో పిలుచు వేళ, మంచినీరు అందించు వేళ, తొమ్మిదవ తరగతిలో ఒకే కుండలో కడిగిన కుంచెలు కొందరికైనను జ్ఞప్తికి వచ్చుననుటయే మనము ఆశింపదగినది. ఆ ఆశకు ఆరు గంటల కాలము ఎక్కువ కాదు.

మన భాషాసంఘముల పాఠశాలలు నిలుచుటకు భవనములు, నిధులు, ప్రభుత్వపు అనుమతులు కావలెను. వాటికొరకు పెద్దలు పాటుపడుచున్నారు. అయితే తెలుగు మాధ్యమమున చదువు పిల్లలలో పెక్కుమంది శ్రామికుల బిడ్డలే యైన చోట్ల, ఆ బిడ్డలకు తమ తల్లిదండ్రుల పని తమ భాషలో గౌరవముగా కనబడవలెను. మాతృభాష అనుటలో మాత కూడ కలదు. ఆమె చుట్టిన కండెయు, చుట్టిన బీడీయు పాఠములో చోటు పొందవలెను. చిత్రలేఖనోపాధ్యాయులు ఈ క్రమమును తమ తమ పాఠశాలలలో ప్రయోగించి, తమకు తోచిన మార్పులను రాబోవు సంచికలో తెలుపుదురని ప్రార్థించుచున్నాను. విద్యార్థులు పటమును గోడకు వ్రేలాడదీసి ఊరకుండక, వచ్చు సంవత్సరపు తొమ్మిదవ తరగతివారికి తామే చింతగింజలు నూరుట నేర్పవలెను.